కొబ్బరి తోటల్లో ఫైబర్ కనెక్షన్: వేగం సంగతి, తెగినప్పటి సంగతి

రాజోలు ప్రాంతంలో కొబ్బరి తోటల మధ్య విడివిడిగా ఉండే ఇళ్లలో మాది ఒకటి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక తోటో ఒక పంట బోదో అడ్డం ఉంటుంది కాబట్టి ఏ వైరు లాగాలన్నా పట్టణంలో కంటే ఎన్నో రెట్లు పొడవు పడుతుంది. మా ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గర తీసుకున్న 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్‌ను ఎండల్లోనూ వానల్లోనూ తుపాను రోజుల్లోనూ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆపరేటర్ పేరు రాయడం లేదు. ఆయన లైన్లు మా ఊరు, చుట్టుపక్కల కొన్ని ఊళ్లు దాటి వెళ్లవు గనుక ఆ పేరు వేరే చోటి పాఠకులకు ఉపయోగపడదు; ఇలాంటి కనెక్షన్‌ను దేన్నిబట్టి తూచాలన్న సంగతి మాత్రం ఏ పల్లెలో ఉన్నవారికైనా పనికివస్తుంది.

మా అవసరాలు చెబితేనే నా అభిప్రాయానికి అర్థం ఉంటుంది. మా అబ్బాయి హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఎక్కువ రోజులు ఇక్కడి నుంచే పనిచేస్తాడు. రొయ్యల చెరువు గట్టు మీద, నీటికి గాలి అందించే ఏరియేటర్లకు కాపలాగా పెట్టిన కెమెరాలు పగలూ రాత్రీ వీడియో పంపుతూనే ఉంటాయి. కువైట్‌లో ఉన్న మా చెల్లెలితో రాత్రిపూట వీడియో కాల్ తప్పనిసరి. టీవీ కూడా ఇప్పుడు ఇంటర్నెట్ మీదనే నడుస్తోంది.

ముందే తేల్చి చెప్పాలంటే, వేగం విషయంలో ఈ కనెక్షన్‌కు వంక పెట్టడానికి లేదు. మరమ్మతు బాగుంది గానీ అదంతా ఒకే ఒక్క మనిషి మీద నడుస్తోంది. కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్ నిలబడడం సగం మన చేతిలో, సగం ఆపరేటర్ చేతిలో ఉంది. పల్లెల్లో అందరూ ప్లాన్ మీద రాసిన ఎంబీపీఎస్ చూసి కనెక్షన్ తీసుకుంటున్నారు. నేను మాత్రం, తెగిన తీగను ఎంత త్వరగా అతుకుతారో చూసి డబ్బు కట్టమంటాను.

వేగం గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే చెప్పవలసింది అంతే ఉంది. రూటర్‌కు ల్యాన్ వైరు తగిలించి చూస్తే పగటిపూట డౌన్‌లోడ్ 95 ఎంబీపీఎస్‌కు అటూ ఇటూగా వస్తోంది, అప్‌లోడ్ కూడా దాదాపు అంతే. కనెక్షన్ తీసుకునేటప్పుడు అప్‌లోడ్ గురించి అడిగేవారు తక్కువ. వీడియో సమావేశంలో మన ముఖం అవతలివారికి గడ్డకట్టకుండా కనిపించాలన్నా, కెమెరా దృశ్యాలు ఫోన్‌లోకి రావాలన్నా ఆధారం అదే. వేగం పరీక్షించే యాప్‌లు తమకు దగ్గరగా ఉన్న సర్వర్‌ను, తరచుగా ఆ ఇంటర్నెట్ సంస్థ సొంత సర్వర్‌నే ఎంచుకుంటాయి కాబట్టి, చెన్నైలోదో ముంబైలోదో మరో సంస్థ సర్వర్‌ను మనమే ఎంచుకుని చూస్తే అసలు లెక్క తేలుతుంది. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2023 వరకూ 512 కేబీపీఎస్‌గానే (సుమారు అర ఎంబీపీఎస్) ఉండి, ఆ ఏడాది 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. ఆ కొలతతో చూస్తే పల్లెలో నేడు దొరుకుతున్న అతి చవక ఫైబర్ ప్లాన్ కూడా ఎంతో పైన ఉన్నట్టే.

రాత్రి ఎనిమిది దాటితే లెక్క మారుతుంది. మొదట్లో మా కనెక్షన్ వేగం ఆ వేళకు సగానికి పడిపోయేది. ఆపరేటర్‌ను అడిగితే, ఒకే తీగ మీద ఇళ్లు ఎక్కువైపోయాయని చెప్పారు. ఆ జవాబు నాకు సరిపడలేదు. పల్లెల్లో వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆపరేటర్ గది నుంచి బయలుదేరిన ఒక ఫైబర్ సుమారు 2.5 గిగాబిట్ల డేటాను మోస్తుంది. దారిలో కాంతిని చీల్చే స్ప్లిటర్లు పెట్టి దాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా వాడుకున్నా ఒక్కొక్కరికి 75 ఎంబీపీఎస్ దాటి రావాలి, పైగా అందరూ ఒకే క్షణంలో అలా వాడరు. కాబట్టి రాత్రివేళ నెమ్మదించడానికి కారణం సాధారణంగా మన వీధిలో ఉండదు. ఆపరేటర్ పైనుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ చాలకపోవడమే అసలు కారణం. కోనసీమలో ఈ రద్దీ మరీ పొద్దుపోయే దాకా సాగడానికి గల్ఫ్ ఫోన్లూ కారణమే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది, అక్కడి వారికి పని ముగిసి తీరిక దొరికే రాత్రి ఎనిమిది మనకు పదిన్నర. మేము నలుగురం కలిసి వెళ్లి గట్టిగా అడిగిన తరువాత ఆయన పై లైనును పెంచుకున్నారు, అప్పటి నుంచి రాత్రిపూట కూడా 70కి తగ్గడం లేదు. తన డబ్బు ఖర్చు పెట్టి సరిచేసినందుకు ఆపరేటర్‌కు మంచి మార్కులే ఇస్తాను, కానీ అడగనిదే ఆ పని చేయలేదన్నది కూడా నిజం.

కనెక్షన్ ఇచ్చే రోజున జరిగే పని మీదనే తరువాతి కాలమంతా ఆధారపడి ఉంటుంది. రోడ్డు పక్క స్తంభం మీది జాయింట్ బాక్స్ నుంచి మా వరండా వరకు డ్రాప్ వైరు వేయడానికి వచ్చిన కుర్రాడు మొదట తీగను కొబ్బరి చెట్ల మొవ్వుల కింద నుంచి లాగబోయాడు. కమ్మ విరిగి పడితే వైరు ఉండదని చెప్పి, గట్టు వెంట ఇనుప గొట్టాలు పాతించి, కొంచెం పొడవు ఎక్కువైనా చెట్లకు దూరంగా వేయించాము. గొట్టాల ఖర్చు మాదే. ఇక్కడ పాఠకులు గుర్తుపెట్టుకోవలసిన అంకె ఒకటి ఉంది. ఇంట్లోకి చేరిన కాంతి బలాన్ని టెక్నీషియన్ పవర్ మీటర్‌తో కొలిచినప్పుడు మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 25కు చేరిందంటే ఏదో అతుకు సరిగా లేదని, ఎక్కడో వైరు మడత పడిందని అర్థం. మైనస్ 27 దాటితే కనెక్షన్ ఉండుండి ఊడిపోతూ ప్రాణం తీస్తుంది. మీటరు చూపించమని అడిగితే కాదనే టెక్నీషియన్‌ను నేను చూడలేదు. ఆ అంకెను గోడ మీదనో ఇంట్లోని ఇంటర్నెట్ బాక్సు వెనుకనో రాసి ఉంచుకుంటే, తరువాత ఎప్పుడు ఇబ్బంది వచ్చినా మళ్లీ కొలిపించి పోల్చుకోవచ్చు. కొన్ని బాక్సుల్లో ఈ అంకె సెట్టింగుల పేజీలో కూడా కనిపిస్తుంది.

ఇక తెగడం. మా ప్రాంతంలో ఫైబర్ ఎక్కువ భాగం భూమిలో లేదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతోంది. దీనికి పెద్ద కథే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా గుంతలు తవ్వే ఖర్చూ కాలమూ తప్పించుకోవడానికి తొలి దశలో వేల కిలోమీటర్ల తీగను విద్యుత్ స్తంభాల మీదుగానే లాగింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని జాతికి అంకితం చేసినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్న మాట ఊరూరా చర్చకు వచ్చింది. మా పక్కనే ఉన్న మోరి గ్రామం ఆ పథకంలో తొలిగా కనెక్షన్లు అందుకున్న ఊళ్లలో ఒకటి. తెలంగాణలో మాత్రం మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేసే దారి ఎంచుకున్నారు. భూమిలో వేసిన తీగకు గాలివాన భయం లేదు గానీ, రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిన్ ఒక్క దెబ్బకు తెంపితే ఎక్కడ తెగిందో కనిపెట్టి తవ్వి తీయడం పెద్ద పని. స్తంభం మీది తీగ తరచుగా తెగుతుంది, కానీ తెగిన చోటు కంటికి కనిపిస్తుంది, నిచ్చెన వేసుకుని గంటలో అతకవచ్చు. మా నేల నీటి ఊట నేల, వర్షాకాలమంతా కాలువ గట్లు తడిసే ఉంటాయి. ఇలాంటి చోట స్తంభాల మీది తీగే మేలన్నది నా అభిప్రాయం, అయితే దాన్ని వాహనాలకు తగలనంత ఎత్తులో బిగించి కట్టాలి.

మా లైను తెగిన కారణాలు చూస్తే సగం ఈ ఎత్తు దగ్గరకే వస్తాయి. వరికోత మిషన్ రోడ్డెక్కినప్పుడు, గడ్డి లోడు ట్రాక్టరు మలుపు తిరిగినప్పుడు జారిపోయి ఉన్న తీగ తెగుతుంది. కొబ్బరి కమ్మ పడి తెగుతుంది. లైన్‌మెన్ కరెంటు తీగలకు అడ్డం వచ్చిన కొమ్మలు కొట్టినప్పుడు వాటితో పాటే ఇది కూడా పోతుంది. కోతులు కొరకడం ఇంకో సంగతి. అవి ఎందుకు కొరుకుతాయో ఎవరూ చెప్పలేరు గానీ, కొరికిన చోట తీగ పూర్తిగా తెగకుండా సగం దెబ్బతిని ఉంటే పట్టుకోవడం కష్టం.

బాక్సు మీద ఎర్ర లైటు వెలిగిందంటే కాంతి రావడం లేదని అర్థం. ఫోన్ చేయగానే ఆపరేటర్ దగ్గర మరమ్మతులు చేసే కుర్రాడు అడిగే మొదటి మాట, "బాబాయ్ గారూ, ఎర్ర లైటు వెలుగుతోందాండి?" అని. వెలుగుతోందంటే నిచ్చెన, తీగను అతికే స్ప్లైసింగ్ మిషన్ తీసుకుని బయలుదేరుతాడు. లేదంటే "ఆయ్, అయితే లోపల సెట్టింగేనండి" అని ఫోన్‌లోనే చూసిపెడతాడు. పగటిపూట ఫోన్ చేస్తే సాయంత్రంలోగా, సాయంత్రం చేస్తే మర్నాడు ఉదయానికి లైను బాగుపడిన సందర్భాలే ఎక్కువ. వెంట్రుకంత మందమున్న గాజు పోగును మిషన్‌లో పెట్టి కరిగించి అతికితే ఆ అతుకు దగ్గర కాంతి దాదాపు ఏమీ తగ్గదు. మిషన్ లేక చేత్తో కనెక్టరు బిగించి వెళ్లిపోయే చోట ఒక్కొక్క అతుకుకూ కొంత కొంత బలం పోయి, కొన్నాళ్లకు ఆ ఇల్లు చెప్పుకున్న మైనస్ 27 దగ్గరకు చేరుతుంది. ఆపరేటర్ దగ్గర సొంత స్ప్లైసింగ్ మిషన్ ఉందా, మండల కేంద్రం నుంచి అద్దెకు తెస్తారా అన్నది కనెక్షన్ తీసుకునే ముందు అడగవలసిన ప్రశ్న. మా ఆపరేటర్‌కు సొంత మిషన్ ఉంది. దాన్ని వాడడం వచ్చిన మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. అతను పెళ్లికి వెళ్లిన రోజుల్లో మా వీధి మొత్తం ఇంటర్నెట్ లేకుండా ఉంది.

పెద్ద సంస్థల సేవలో తీరు ఇంకోలా ఉంటుంది. ఫిర్యాదు నంబరు వస్తుంది, మెసేజ్ వస్తుంది, ఫిర్యాదు తీరకపోతే పైకి అప్పీలు చేసుకునే ఏర్పాటు కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఉంటుంది. మా బంధువుల ఇంట్లో ఉన్న ఒక సంస్థ కనెక్షన్ విషయంలో ఈ మెసేజులన్నీ సక్రమంగా వచ్చాయి. మనిషి రావడానికి మాత్రం వారం పట్టింది, ఎందుకంటే నాలుగు మండలాలకు కలిపి ఒకే బృందం తిరుగుతోంది. కాగితం మీద హక్కులు ఎక్కువ ఉన్న కనెక్షన్ కంటే, సైకిల్ మీద వచ్చి సరిచేసే మనిషి ఉన్న కనెక్షనే పల్లెలో నిలబడుతుందని నాకు అనిపిస్తోంది.

తీగ మీదుగా పిడుగు ఇంట్లోకి వస్తుందని చాలామందికి ఒక అపోహ ఉంది. ఫైబర్ తీగలో కరెంటు ప్రవహించదు, ఇంటికి వచ్చే గాజు పోగు మీదుగా పిడుగు రాదు. పాత రాగి తీగల ఫోన్ల కాలంలో ఉరుములకు మోడెములు కాలిపోయేవి, ఆ బాధ ఇప్పుడు చాలా తగ్గింది. కానీ బాక్సు నడవడానికి 12 వోల్టుల కరెంటు కావాలి, దాని అడాప్టరు గోడ ప్లగ్గులోనే ఉంటుంది కాబట్టి ఓల్టేజీ ఎగిరిన రోజు అదీ కాలుతుంది. బాక్సుకు అరచేతిలో ఇమిడే మినీ యూపీఎస్ తగిలిస్తే కొన్ని గంటలు నడుస్తుంది. పల్లెలో ఇంటర్నెట్ తీసుకునేవారు రూటర్ మీద పెట్టే అదనపు ఖర్చు ఇక్కడ పెడితే ఎక్కువ ఉపయోగం. అయితే మన ఇంట్లో యూపీఎస్ ఉండగానే సరిపోదు, ఆపరేటర్ గదిలోని పెద్ద యంత్రానికీ అది ఉండాలి. 2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు ఈ సంగతి బాగా తెలిసింది. చెట్లు కూలి కరెంటు పోయింది, సెల్ టవర్ల బ్యాటరీలు ఒక్కొక్కటిగా అయిపోయాయి. మా ఆపరేటర్ డీజిల్ తెప్పించి జనరేటర్ నడిపినంత సేపు, తీగ తెగని వీధుల్లో ఇంటర్నెట్ ఉంది. దాన్ని వాడుకోగలిగినవారు మాత్రం బాక్సుకు బ్యాటరీ ఉన్న కొద్దిమందే.

ఇంటి లోపలి వైఫై గురించి క్లుప్తంగా. ఆపరేటర్లు ఉచితమని ఇచ్చే చవక బాక్సుల్లో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంటుంది, దాని మీద ఫోన్‌లో 40, 50 ఎంబీపీఎస్ వచ్చినా ఎక్కువే. వాళ్లు 100 అన్నారు, 40 వస్తోందని గొడవపడేవారిలో చాలామందికి లైనులో లోపం లేదు. కొంచెం అదనంగా ఇచ్చి 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లూ ఉన్న బాక్సు తీసుకోవడం మంచిది. చెరువు గట్టు వరకు వైఫై పాకుతుందని ఆశించకూడదు. మేము అక్కడికి విడిగా ఫైబర్ తీగే వేయించుకున్నాము.

ఫైబర్‌కు ప్రత్యామ్నాయంగా డాబా మీద యాంటెన్నా పెట్టి 5జీ సిగ్నల్‌తో ఇచ్చే కనెక్షన్లు 2023లో మొదలై ఇప్పుడు మా మండలానికీ వచ్చాయి. రోడ్డు మీద ఉన్న ఇళ్లకు అవి బాగానే పనిచేస్తున్నాయి, బిగించడం ఒక పూట పని, తెగడానికి తీగే లేదు. తోట మధ్య ఇంటికి మాత్రం నేను సిఫారసు చేయను. 5జీకి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ తరంగాలు ఆకుల గుబురును దాటడంలో బలహీనం. కొబ్బరి కమ్మలు వానకు తడిసి గాలికి ఊగుతుంటే వేగం క్షణక్షణానికీ మారిపోతుంది. మా పక్క తోట వారింట్లో ఎండ రోజున 100 దాటి వచ్చిన కనెక్షన్ ముసురు పట్టిన రోజున వీడియో కాల్‌కు కూడా తడబడింది. అప్‌లోడ్ కూడా ఫైబర్ అంత ఉండదు. నెలకు వాడుకునే డేటా పరిమితి ఫైబర్‌లో సాధారణంగా 3,300 జీబీ అయితే, ఈ పద్ధతిలో 1,000 జీబీ దగ్గర ఆగుతోంది. మామూలు ఇంటికి అది చాలు, కెమెరాలు నిరంతరం నడిచే ఇంటికి చాలకపోవచ్చు.

ఫైబర్ తెగిన పూట గట్టెక్కడానికి ఫోన్ హాట్‌స్పాట్ చాలు, మా అబ్బాయి చేసేదీ అదే. కానీ ఆ హాట్‌స్పాట్ కూడా పనిచేయని రోజులు ఉంటాయని కోనసీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. 2022 మే నెలలో జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే గోదావరి ఒడ్డులను వెతుక్కుంటూ వెళ్లారు.

పంచాయతీ కార్యాలయం వరకు కేంద్రం ఫైబర్ వేస్తోంది కదా, ప్రైవేటు ఆపరేటర్ ఎందుకని అడిగేవారు ఉన్నారు. 2011లో ఆమోదం పొంది, తరువాత భారత్‌నెట్‌గా పేరు మారిన ఆ పథకం లక్ష్యం పంచాయతీని కలపడం. అక్కడి నుంచి మన ఇంటి గుమ్మం వరకు తీగ లాగి, తెగితే అతికే మనిషి వేరే కావాలి. 2023లో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో మెచ్చుకోదగినది ఒకటుంది. ఒకే కొమ్మగా సాగే లైన్ల స్థానంలో వలయాకారపు లైన్లు వేస్తారు, అంటే ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి డేటా వస్తుంది. మా ఆపరేటర్ పై లైను కూడా ఇలా రెండు దారుల్లో వచ్చి ఉంటే మా కష్టాల్లో పెద్దవి తప్పేవి. అడిగితే, ఖర్చు భరించలేనన్నారు. ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి కూడా ఊళ్లో మాట్లాడుకుంటున్నారు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. తీగ చేరని లంకలకూ ఏజెన్సీ గ్రామాలకూ అది అవసరం కావచ్చు గానీ, వీధి చివర జాయింట్ బాక్స్ ఉన్నవారు దానికోసం ఎదురుచూడడంలో అర్థం లేదు.

ధర విషయానికి వస్తే, మేము నెలకు 18 శాతం జీఎస్టీతో కలిపి ఆరు వందల లోపే కడుతున్నాము, ఈ సేవకు అది న్యాయమైన ధర. ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమని ఆపరేటర్ చెబుతున్నారు, ఊళ్లో చాలామంది కట్టారు కూడా. నేను మూడు నెలల ప్లాన్‌నే తీసుకుంటున్నాను. స్ప్లైసింగ్ తెలిసిన ఆ కుర్రాడికి రాజమండ్రిలో ఇంతకంటే ఎక్కువ జీతానికి పిలుపు వచ్చిందని విన్నాను. అతని దగ్గర రెండో మనిషికి పని నేర్పించమని ఆపరేటర్‌కు చెప్పాము, చూద్దామన్నారు. నేర్పించిన రోజున ఏడాది ప్లాన్ కడతాను.